ఊదు వాద్యమును ఆడుపిల్లయు

వెలిగండ్ల ప్రాంతమునుండి ఒక సోదరీమణి మాకు జాబు వ్రాసినారు. వారి కుమార్తెకు పదునాలుగేండ్లు. ఆ బాలిక ఫోనులో ఏదో పాశ్చాత్యసంగీతమును విని, నాటినుండి అదియే ధ్యానముగా నున్నదట. సన్నాయివంటిదొకటి పాడుచుండగా, ప్రక్కను హార్మోనియమునకు అక్కవంటిదొకటి తనదారిన తాను మ్రోగుచున్నదనియు, అందులో తల యేదో తోక యేదో తమకు తెలియలేదనియు వారి మొఱ. అంతతో ముగిసిన బాగుండును. బాలిక తానును ఆ వాద్యము నేర్చెద ననుచున్నది. ఆడుది బుగ్గలు పూరించి ఊదుచున్న నలుగురు నవ్వరా, రేపు సంబంధములు వచ్చునా యని అత్తగారు కోపించుచున్నారు. పిల్ల రెండుదినములు అన్నము ముట్టలేదు. మా యభిప్రాయము తెలుపవలయునని వారి కోరిక.

జాబు క్రింద సన్నని యక్షరములతో బాలికయే ఆ రచన పేరును, కర్త పేరును వ్రాసిపెట్టినది. పోల్ మోరీస్ రచించిన "తాబ్లో ద ప్రొవాన్స్", అనగా ప్రొవాన్సు సీమ చిత్రములు. పోల్ అను పేరు చూచి పురుషుడే యని మేమును భ్రమపడితిమి. కాదు, ఆమె స్త్రీ. 1910లో పారిసునందు జన్మించి, అచ్చటి ప్రఖ్యాత సంగీతకళాశాలయందు స్వరలిపిని చూచిన వెంటనే పలికించు విద్యను బోధించి, 1967లో దివంగతురాలైనది. ఈ రచనను 1948 మొదలు 1955 వఱకు వ్రాసినది. వాద్యబృందముతో గూడ దీనిని వాయింతురుగాని, సాక్సఫోను, పియానో యను రెండు వాద్యములతో వినిపించుటయే లోకమున ఎక్కువ వాడుక.

ఇందు అయిదు ఖండములున్నవి. వాని పేరులను ఆమె ఫ్రెంచిలో పెట్టక, ప్రొవాన్సు పల్లెల భాషలో పెట్టినది. ఆ భాషయందే కావ్యములు వ్రాసి మిస్త్రాల్ అను కవి 1904లో నోబెల్ బహుమానము నందినాడు. మనలో నెవరైన గొప్ప సభకు పాట కట్టి, దానికి కనిగిరి సంతలో వినబడు పలుకుతో పేరు పెట్టినట్లు! మొదటిది చేతులు చేతులు పట్టుకొని వరుసగా సాగు కన్నెపిల్లల ఆట. రెండవది ప్రియురాలికై పాడు పాట. మూడవది దేశదిమ్మరి స్త్రీని గూర్చినది. నాలుగవది ఆర్ల్ పట్టణమునొద్ద నున్న ప్రాచీన శ్మశానవాటికలో ఆత్మలు విడుచు నిట్టూర్పు. కడపటిది తుమ్మెద; వాయించువారికి ఊపిరి తిరుగనీయని వేగము దానిది.

సాక్సఫోను ఇత్తడితో చేయబడినను, సన్నాయికి దూరపు చుట్టమే. బెల్జియమున జన్మించిన అడోల్ఫ్ సాక్స్ అను శిల్పి దానిని కల్పించి, 1846లో పారిసునందు హక్కు పొందెను. సన్నాయి పీకలో రెండు రెల్లురేకులు కూడియుండును, దీనికి ఒక్కటే. కళాశాలలో 1857లో దీనికై పెట్టిన తరగతి 1870లో మూతపడి, మరల 1942లో గాని తెఱవబడలేదు. అప్పుడు గురువైన మార్సెల్ మ్యూల్‌కే మోరీస్ ఈ రచనను అంకితమిచ్చినది.

ఇక వినుట యెట్లు? మన సంగీతమున శ్రుతి కదలక నిలుచును, పాట దానిపై సంచరించును. అచ్చట అట్లు కాదు. సాక్సఫోను ఒకే స్వరమును పట్టుకొని నిలిచియుండగా, పియానో క్రింద రెండుమూడు స్వరములను ఒక్కమాఱు మీటి, మరల వానిని మార్చుచుండును. చీర అదియే యైనను రవిక మార్చినచో చీర రంగే మారినట్లు తోచునుగదా, ఆ నిలిచిన స్వరమునకు అట్లే ఒకమాఱు సంతోషము, ఒకమాఱు దిగులు వచ్చును. మన సోదరి "తనదారిన తాను మ్రోగుచున్నది" అని వ్రాసినది దీనినే. అది దారి తప్పుట కాదు. వేరొక భేదము గూడ కలదు. పియానో మెట్టు నొక్కిన క్షణముననే దాని నాదము తరుగుట మొదలిడును. ఎంత పండితుడైనను దానిని పెంచజాలడు. ఊదువాద్యమునందో, పుట్టిన స్వరమును ఊపిరితో పెంచవచ్చును, తగ్గింపవచ్చును, కొంత జార్చనువచ్చును. ఒకటి రాలిపోవునది, ఒకటి నిలుచునది. ఈ రెంటిని ఎట్లు కలుపవలెనో తెలిసినవారే ఇట్టి రచన చేయగలరు. మాకు పియానో ధ్వనియందు మొదట ప్రీతి లేదు. గమకము పలుకని వాద్యమేమి యని యుంటిమి. ఆ నాలుగవ ఖండము విన్నపిదప ఆ మాట అనుట మానితిమి.

అత్తగారి ప్రశ్నకు వత్తము. నలుగురు నవ్వుట నిజమే, నవ్విరి గూడ. అమెరికాలో ఎలీస్ హాల్ అను ఆమె (1853–1924), వినికిడి తగ్గినపిమ్మట, వైద్యుడైన భర్త ప్రోత్సహింపగా, నడివయసున సాక్సఫోను చేతబట్టినది. ఆ వాద్యమునకు మంచి రచనలు లేవని, పేరొందిన స్వరకర్తలకు ధనమిచ్చి వ్రాయించినది. వారిలో డెబుస్సీ యొకడు. గులాబీరంగు దుస్తులు ధరించి ఆమె వాయించుటను అతడు పరిహసించెను. సొమ్ముమాత్రము ముందుగనే పుచ్చుకొనెను! రచనను ఏండ్లతరబడి జాగుచేసి, 1918లో మరణించెను. వేరొకరు దానిని పూర్తిచేయగా 1919లో ప్రదర్శింపబడినది. ఆమె యడిగియుండనిచో ఆ రచనయే లేదు.

అంత దూరమేల? ఒంగోలునకు సమీపముననున్న కరవదిలో 1924లో జన్మించిన షేక్ చిన మౌలానా సాహెబుగారు నాదస్వరమున జగద్విఖ్యాతులైరి. వారి శిష్యురాలు కాలీషాబీగారు భర్త మహబూబ్ సుభానీగారితో సమముగా నాదస్వరము వాయించి, 2020లో ఆయనతోపాటు పద్మశ్రీ పొందినారు. సన్నాయికి సాక్సఫోనుకంటె తక్కువ ఊపిరి చాలదు సుమా. సాక్సఫోనునందు కర్ణాటకసంగీతమును నిలిపిన కద్రి గోపాలనాథుగారు (1949–2019) సన్నాయి విద్వాంసుని కుమారులే. లావణ్య, సుబ్బలక్ష్మి యను సోదరీమణులు ఆ వాద్యముతోనే కచేరీలు చేసి పేరొందిరి.

వాద్యము వెలగలది, వెంటనే కొనవలదు. బాలిక మొదట ఒక సంవత్సరము గాత్రమున సరళులు, అలంకారములు సాధింపనిండు. శ్రుతిజ్ఞానము కుదిరిన తరువాత ఏ వాద్యమైనను సులభమగును. గ్రామమున పెండ్లికి వచ్చు సన్నాయి విద్వాంసు నొకసారి ఇంటికి పిలిచి, ఊపిరి పట్టుట యెట్లో చూపుమని యడుగుడు. వారు సంతోషముతో చూపుదురు.

అత్తగారితో వాదము పెట్టుకొనకుడు. సంజ దీపము పెట్టి ఆమె తీరికగా కూర్చున్నప్పుడు, పేరు చెప్పక, ఆ నాలుగవ ఖండము వినిపింపుమని మనుమరాలితో చెప్పుడు. ఆమె యేమన్నదో మాకు తప్పక వ్రాయుడు.