బానెట్ బరువెంత?

"మామా, మన పాత కొట్టంల రెండు వారాలు పనుంది. తాళంచెవి ఇయ్యవా?"

మొన్న వేసవి సెలవుల్లో మా మేనల్లుడు ఫోన్ చేసి ఇలా అడిగితే, పాపం చదువుకోవడానికేమో అనుకున్నాను. ఇంజినీరింగ్ మూడో ఏడు మరి! బాన్సువాడలో మా కొట్టం ఒకప్పుడు వడ్ల బస్తాలతో నిండి ఉండేది. ఇప్పుడు పావురాలు తప్ప అందులో ఎవరూ లేరు. సరేనన్నాను.

నాలుగో రోజున మా అక్క ఫోన్ చేసింది. "వీడు కొట్టంల ఏందో పొగ పెట్టిండురా. పక్కింటోళ్లు నీళ్ల బిందెలు వట్టుకొని ఉరికొచ్చిండ్రు. నువ్వొచ్చి చూడు."

హైదరాబాద్ నుంచి బస్సెక్కి వెళ్లాను. కొట్టం మధ్యలో బానెట్ లేని పాత మారుతి 800. దాని పక్కన కరిగి, వంకర తిరిగి, గడ్డకట్టిన ప్లాస్టిక్ బకెట్. చుట్టూ నలుగురు కుర్రాళ్లు, పరీక్షలో చీటీలతో పట్టుబడినట్టు నిలబడి ఉన్నారు.

"ఏందిరా ఇది?"

"కార్బన్ ఫైబర్ బానెట్ చేస్తున్నం మామా. మద్రాస్ ట్రాక్ మీదికి తీస్కపోతం."

"కొనుక్కోరాదా?"

"కొనేటన్ని పైసలుంటే చేసుడెందుకు?"

ఈ జవాబుకు నా దగ్గర మారు మాట లేదు. మీ దగ్గరుంటే చెప్పండి.

ఈ పురుగు వాడి బుర్రలో ఎప్పుడు దూరిందో నాకు తెలుసు. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా-ఈ పందెం జరిగింది. ఫ్రాన్స్‌కు చెందిన జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. ఊరంతా గెలిచినవాడి గురించి మాట్లాడుకుంటుంటే, మావాడు మాత్రం ఆ కార్ల ఒంటి మీది తొడుగు గురించే చెప్పాడు. పాత కార్ల కార్బన్ ఫైబర్‌ను, అవిసె నారను కూడా ఆ తొడుగుల్లో వాడారట. మరుసటి ఏడాది ఆ పందెం హైదరాబాద్‌కు రాలేదు. పురుగు మాత్రం ఉండిపోయింది.

ఇంతకీ కార్బన్ ఫైబర్ అంటే ఏమిటి? మనం చలికాలంలో వేసుకునే యాక్రిలిక్ స్వెటర్ ఉంది చూడండి, ఆ దారానికి ఇది దగ్గరి చుట్టం. అలాంటి దారాన్ని మొదట గాలిలో రెండు మూడు వందల డిగ్రీల దగ్గర వేడి చేస్తారు. తర్వాత గాలి తగలకుండా వెయ్యి డిగ్రీలకు పైన కాలుస్తారు. బొగ్గుల బట్టీలో కట్టెను మట్టితో కప్పి కాల్చడం చూసినవారికి ఈ సంగతి సులువుగా అర్థమవుతుంది. మిగతా పదార్థాలు ఎగిరిపోయి బొగ్గు మిగులుతుంది. అయితే ఇది పొడిబొగ్గు కాదు, పోగులాంటి బొగ్గు. ఒక్కో పోగు మన వెంట్రుకలో పదో వంతు సన్నం. వేల పోగుల్ని కలిపి పేటగా చేసి, ఆ పేటలతో మగ్గం మీద గుడ్డ నేస్తారు.

ఆ గుడ్డను చేత్తో పట్టుకుంటే మామూలు గుడ్డలాగే వేలాడుతుంది. దానికి ఎపాక్సీ అనే జిగురు పట్టించి, ఆ జిగురు గట్టిపడితేనే బలం వస్తుంది. మన పెద్దలు మట్టిగోడ కట్టేటప్పుడు మట్టిలో గడ్డి కలిపేవారు కదా, అదే సూత్రం. మట్టి ఆకారం ఇస్తే గడ్డి పగలకుండా పట్టి ఉంచుతుంది.

లాభం ఎంతో లెక్క వేద్దాం. 0.8 మిల్లీమీటర్ల ఉక్కు రేకు చదరపు మీటరుకు ఆరు కిలోలకు పైనే తూగుతుంది. చదరపు మీటరు 200 గ్రాములుండే కార్బన్ గుడ్డ మూడు పొరలు వేస్తే 600 గ్రాములు. దాదాపు అంతే బరువు జిగురు. మొత్తం కిలో రెండు వందలు! వంగకుండా అడుగున పక్కటెముకల్లాంటి పట్టీలు వేసినా రెండు కిలోల చుట్టుపక్కలే ఉంటుంది. మారుతి 800 ఇంజిన్ 796 సీసీ. కారు బరువు సుమారు 650 కిలోలు. అంత చిన్న ఇంజిన్‌కు ప్రతి కిలో ఒక మూటే. బరువు తగ్గితే కారు తొందరగా ఉరుకుతుంది, తొందరగా ఆగుతుంది, మలుపులో తక్కువగా జారుతుంది.

పందెం కార్లలో ఈ గుడ్డకు పేరు తెచ్చింది 1981లో వచ్చిన మెక్‌లారెన్ ఎంపీ4/1. జాన్ బర్నార్డ్ అనే ఇంజినీరు దాని నడుమభాగం మొత్తాన్ని కార్బన్‌తో చేయిస్తే, గుద్దుకుంటే పొడిపొడి అయిపోతుందని చాలామంది పెదవి విరిచారు. అదే ఏడాది ఇటలీలోని మోంజాలో జాన్ వాట్సన్ నడుపుతున్న ఆ కారు ఘోరంగా గుద్దుకుని, ఇంజిన్ విడిపోయింది. వాట్సన్ మాత్రం లేచి నడుచుకుంటూ వచ్చాడు. ఆ తర్వాత అందరూ అదే దారి పట్టారు.

ఇక మన కొట్టానికి వద్దాం. పని పద్ధతి వినడానికి తేలిక. పాత ఇనుప బానెట్‌ను శుభ్రంగా తుడిచి, దాని మీద మైనం నాలుగైదు పూతలు పూయాలి. ఆపైన గ్లాస్ ఫైబర్ పొరలు వేసి, గట్టిపడ్డాక ఊడదీస్తే అచ్చు తయారు. మన ఊళ్లలో ఫైబర్ తలుపులు, ఫైబర్ బొమ్మలు చేసేవాళ్లు రోజూ చేసే పనే ఇది. ఆ అచ్చు లోపల మళ్లీ మైనం పూసి, కార్బన్ గుడ్డ పరిచి, బ్రష్‌తో జిగురు పట్టించాలి. గాలిబుడగలు లేకుండా రోలర్‌తో నొక్కాలి. ఇంకా బాగా రావాలంటే అంతా ప్లాస్టిక్ సంచిలో మూసి, పంపుతో గాలి లాగేయాలి. అప్పుడు బయటి గాలి బరువే దాన్ని అచ్చుకు అదిమి పెడుతుంది.

తేలికే కదా? మావాళ్ల మొదటి అచ్చు బానెట్‌కు అతుక్కుపోయి ముక్కలుగా వచ్చింది. మైనం రెండు పూతలతో సరిపెట్టారు! రెండోసారి జిగురంతా ఒకే బకెట్లో కలిపారు. ఎపాక్సీ, దాన్ని గట్టిపరిచే ద్రవం కలిస్తే వేడి పుడుతుంది. పల్చగా పరిస్తే ఆ వేడి గాలిలో కలిసిపోతుంది. బకెట్లో ముద్దగా ఉంటే ఎటూ పోలేక లోపలే పెరుగుతుంది. పెరిగిన వేడికి ఇంకా తొందరగా గట్టిపడుతూ ఇంకా వేడెక్కుతుంది. పైన మే నెల ఎండ. పక్కింటివాళ్లు బిందెలతో ఉరికి వచ్చింది ఆ పొగకే.

కొట్టం అరుగు మీద కూర్చోబెట్టి నాలుగు మాటలు చెప్పాను. మీ ఇంట్లోనూ ఇలాంటి మేనల్లుడుంటే మీకూ పనికొస్తాయి. జిగురు కొంచెం కొంచెంగా, వెడల్పు గిన్నెలో, తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడు కలపాలి. పాళ్లు కంటి అంచనాతో కాదు, తూకంతో చూడాలి. గట్టిపరిచే ద్రవం ఎక్కువ పోస్తే పని తొందరగా అవుతుందనుకోవడం పొరపాటు. సగం మెత్తగానే మిగిలిపోతుంది. చేతికి గ్లవ్స్ లేకుండా ముట్టుకోకూడదు. ఎపాక్సీ ఒకసారి చర్మానికి పడకుండా పోయిందంటే ఆ దురద జన్మంతా వదలదు. కోసేటప్పుడు, రుద్దేటప్పుడు లేచే నల్లటి దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. మంచి మాస్కు ఉండాలి, నీళ్లు చల్లుతూ రుద్దాలి. ఆ దుమ్ములో కరెంటు కూడా పారుతుంది. కొట్టంలోని స్విచ్‌బోర్డుకు గుడ్డ కప్పండిరా అన్నాను.

ఇంకో సంగతి ఎండ. మామూలుగా ఆరిన ఎపాక్సీ అరవై డెబ్భై డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. మన దగ్గర మిట్టమధ్యాహ్నం నల్లటి బానెట్ ఆ వేడిని అందుకోవడం పెద్ద విషయమేం కాదు. అందుకని చేశాక నెమ్మదిగా వేడి పెంచుతూ మరోసారి కాచాలి. పైన ఎండను ఆపే క్లియర్ కోట్ వేయాలి. ఇలాంటి కారును రోడ్డెక్కించడం మాత్రం కుదరదు. కంపెనీ చేసిన తీరును సొంతంగా మార్చడానికి 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ఒప్పుకోదు. ట్రాక్ దాకా లారీ మీద తీసుకుపోవాల్సిందే.

మూడో బానెట్ బాగా వచ్చింది. అచ్చులోంచి ఊడదీసినప్పుడు టప్పుమని చప్పుడైంది. నలుగురూ ఈలలు వేశారు. పక్క సందులోని కిరాణా కొట్టుకు తీసుకెళ్లి కాంటా మీద పెట్టారు. రెండు కిలోల నూట యాభై గ్రాములు. పాత ఇనుప బానెట్ తొమ్మిది కిలోలకు పైనే తూగింది.

ఇంటికొచ్చాక అక్క దాన్ని ఒంటిచేత్తో ఎత్తింది. "గింత అల్కగున్నదా!" అంది. ఆ తర్వాత చాలాసేపు దించలేదు.

మా అక్కకు రెండేళ్ల వయసులో పోలియో వచ్చింది. బడికి వెళ్లే రోజుల్లో కాలికి ఇనుప కడ్డీల కాలిపర్, తోలు పట్టీలు, బరువైన బూటు ఉండేవి. అన్నీ కలిపి మూడు కిలోలకు పైమాటే. వానాకాలం బురద అంటితే ఇంకా ఎక్కువ. ఆమె పుస్తకాల సంచి నేను మోసేవాణ్ని. కాలిపర్ మాత్రం ఆమే మోయాలి కదా!

అప్పుడు నేను మేనల్లుడికి అబ్దుల్ కలాం చెప్పే ముచ్చట చెప్పాను. హైదరాబాద్‌లోని క్షిపణి ప్రయోగశాలకు అప్పట్లో ఆయన సారథిగా ఉండేవారు. 1989 మే 22న ఎగిరిన అగ్ని క్షిపణి ముక్కును కాపాడింది కార్బన్ పదార్థమే. ఒకరోజు నిమ్స్ ఆసుపత్రి ఎముకల డాక్టరు ఆ ప్రయోగశాలకు వచ్చి, క్షిపణుల కోసం చేసిన తేలికపాటి కాంపోజిట్ ముక్కను చేత్తో ఎత్తి చూశారు. వెంటనే కలాంను తన వార్డుకు తీసుకుపోయారు. అక్కడ మూడేసి కిలోల కాలిపర్లు ఈడ్చుకుంటూ నడుస్తున్న పిల్లలు! మూడు వారాల్లో 300 గ్రాముల కాలిపర్లు తయారయ్యాయి. వాటితో పిల్లలు ఉరకడం చూసి తల్లిదండ్రులు కళ్లనీళ్లు పెట్టుకున్నారని, తన జీవితంలోని గొప్ప ఆనందాల్లో అదొకటని కలాం చాలా సభల్లో చెప్పారు.

అవి వచ్చేనాటికి మా అక్క బడి చదువు ఎప్పుడో అయిపోయింది. తర్వాత తేలికపాటి ప్లాస్టిక్‌ది వేసుకుంది గానీ, ఆ బడి దారి మళ్లీ రాదు కదా! ఇప్పటి పిల్లలకు ఆ బాధ లేదు. మన దేశంలో చివరి వైల్డ్ పోలియో కేసు 2011 జనవరిలో నమోదైంది. 2014 మార్చిలో పోలియో లేని ప్రాంతంగా ప్రకటించారు.

మేనల్లుడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "గుడ్డ ఇంకో మీటరు మిగిలింది మామా. అమ్మకు చేద్దామా?" అన్నాడు.

వాడి మనసు మంచిది. కానీ బానెట్ వేరు, కాలు వేరు. కార్బన్ ఇనుములా ముందు వంగి హెచ్చరించదు. లోపల పొర విడిపోయినా పైకి నున్నగానే కనిపించవచ్చు. 2023 జూన్‌లో టైటానిక్ శిథిలాలు చూడబోయిన టైటాన్ జలాంతర్గామి గోడ కార్బన్‌దే. అది ఒక్క క్షణంలో నలిగిపోయి అయిదుగురు చనిపోయారు. అందుకే బానెట్ చేయి, రెక్క చేయి, కానీ మనిషి ప్రాణం ఆనుకునే చోట మాత్రం సొంత పని వద్దన్నాను. సీటు బెల్టు బిగించే చోటైనా అంతే, అమ్మ కాలైనా అంతే. కావాలంటే ముందు ఎముకల డాక్టరు దగ్గరికి, కొలతలు తీసే ఆర్థోటిస్టు దగ్గరికి వెళ్లి, పక్కన నిలబడి నేర్చుకో అన్నాను.

"గట్లనే నేర్సుకుంటడు తియ్యి" అంది అక్క. బానెట్ ఇంకా ఆమె ఒళ్లోనే ఉంది.

నిన్న వాడు మళ్లీ ఫోన్ చేశాడు. తలుపులు చేస్తారట. కొట్టం తాళంచెవి కావాలట. ఇస్తానన్నాను. మంటలార్పే సిలిండర్ కొన్నాకే!