గజ్జి వచ్చిన పిల్లను ఇంటికి పంపితే సరిపోతుందా?



నేను బీఎస్సీ నర్సింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాను. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. ఐదో తరగతి నుంచి హాస్టల్లోనే ఉన్నాను. పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

మన ఆశ్రమ పాఠశాలల్లో ఎవరికైనా గజ్జి వస్తే ఏం జరుగుతుందో మనకు తెలియంది కాదు. గోక్కునే పిల్లను వెనక కూర్చోబెడతారు, "శుభ్రంగా ఉండవు" అని తిడతారు, ఎక్కువైతే "తగ్గాక రా" అని ఊరికి పంపేస్తారు. నేను చదివిన చోటా అంతే. అలా వెళ్లినవాళ్లలో కొందరు మళ్లీ బడి ముఖం చూడలేదు. నేనైతే దీన్ని వైద్యం అనను. గజ్జిని గదిలో ఉంచేసి, ఊరికి కూడా పంపడం ఇది.

గజ్జి మురికి వల్ల పుట్టదు. కంటికి ఆనని చిన్న పురుగు చర్మంలోకి తొలుచుకుపోయి గుడ్లు పెడుతుంది. రోజూ స్నానం చేసేవాళ్లకీ వస్తుంది. ఒళ్లూ ఒళ్లూ కాసేపు ఆని ఉంటే చాలు, అంటుకుంటుంది. ఒకే దుప్పటి కింద ముగ్గురు పడుకునే చోట తప్పు పిల్లదా?

అసలు చిక్కు ఇక్కడుంది. మొదటిసారి సోకినప్పుడు దురద మొదలవడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. ఆలోపే అది ఇంకొకరికి అంటుతుంది. ఒక్కరు గోక్కుంటున్నారంటే, దురద ఇంకా తెలియనివాళ్లు అదే గదిలో ఉండొచ్చు. ఒక్కరికే మందు రాస్తే పక్కవాళ్ల నుంచి మళ్లీ వస్తుంది.

అందుకే గదిలో అందరికీ ఒకే రాత్రి మందు పడాలి. డాక్టర్ రాసిచ్చే పర్మెత్రిన్ 5 శాతం క్రీమును మెడ నుంచి అరికాళ్ల దాకా, వేళ్ల సందులు, చంకలు, నడుము, గజ్జలు వదలకుండా పూయాలి. పొక్కులున్న చోట మాత్రమే రాస్తే లాభం లేదు. 8 నుంచి 14 గంటలు ఉంచి స్నానం చేయాలి. వారం తర్వాత మళ్లీ ఒకసారి. అదే రోజు బట్టలు, దుప్పట్లు వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేయాలి. ఉతకలేనివి ప్లాస్టిక్ సంచిలో మూట కట్టి వారం పక్కన పెట్టండి. ఒంటిని వదిలిన పురుగు మామూలుగా రెండు మూడు రోజులకు మించి బతకదు. మందు పనిచేసినా దురద కొన్ని వారాలు ఉంటుంది, భయపడి రోజూ పూయొద్దు. పసిపిల్లలకు, గర్భిణులకు మాత్రం డాక్టర్‌ను అడిగే రాయాలి.

మెడికల్ షాపులో అడగ్గానే ఇచ్చే దురద ట్యూబుల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. అది దురదను అణుస్తుంది, పురుగును చంపదు.

"గజ్జే కదా" అని వదిలేయకండి. గోకిన పుండ్లలో చీము పడితే ఒక్కోసారి కిడ్నీల దాకా పోతుంది. ముఖం ఉబ్బినా, మూత్రం టీ రంగులో వచ్చినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో గజ్జిని నిర్లక్ష్యానికి గురైన వ్యాధుల జాబితాలో చేర్చింది. ఆ నిర్లక్ష్యం ఎలా ఉంటుందో మనం హాస్టల్లో చూసే పెరిగాం.

సెలవుల్లో మీ పాత హాస్టల్‌కు వెళ్లినప్పుడు వార్డెన్ గారిని, ఏఎన్ఎం అక్కను ఒక్కటే అడగండి: పిల్లను పంపేయొద్దు, పీహెచ్‌సీ నుంచి గది మొత్తానికి మందు తెప్పించండి అని. వినతిపత్రం కావాలంటే గ్రూపులో చెప్పండి, కూర్చుని రాద్దాం.

జై ఆదివాసీ.