విజ్ఞాన వీచిక: గుంటూరు గ్రహణం, కల్హాం గోలీకాయ

క్రిందటి దీపావళికి మన హాల్లో కట్టిన బుడగలు గుర్తున్నాయా? ఓ చిన్నారి చేయి జారి ఒకటి పైకప్పుకు అంటుకుపోతే, వాళ్ళ నాన్నగారు "పోనీలేమ్మా, ఇంకోటి తెస్తా" అన్నారు. బుడగ ఇంకోటి వస్తుంది. మరి అందులోని హీలియమో?

ఈ వాయువుకూ తెలుగునేలకూ పాత చుట్టరికమే. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టినప్పుడు ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరులోనూ, మద్రాసు అబ్జర్వేటరీకి చెందిన పాగ్సన్ మచిలీపట్నంలోనూ సూర్యుని అంచున ఎగసే జ్వాలల కాంతిని పరిశీలించారు. ఆ కాంతిలోని పసుపు గీత మనం ఎరుగని మూలకానిదని తర్వాత ఇంగ్లండులో లాకియర్ గ్రహించారు. సూర్యుని గ్రీకు పేరు మీదుగా దానికి హీలియం అన్న పేరు వచ్చింది. 1895లో లండన్‌లో రామ్‌సే దాన్ని యురేనియం ఖనిజం నుంచి రాబట్టారు.

భూగర్భంలో యురేనియం, థోరియం కోట్ల ఏళ్ళుగా క్షీణించగా పుట్టినదే మన హీలియం. సహజవాయువుతో పాటు దొరుకుతుంది. గాలిలో కలిసిందంటే తిరిగి పట్టుకోవడం చాలా ఖర్చుతో కూడిన పని.

"సూర్యుడిలా మనమే చేసుకోవచ్చుగా అంకుల్?" అని అడిగాడు ఓ కుర్రవాడు. మంచి ప్రశ్నే! మనకు కారులో గంట దూరంలో ఉన్న కల్హాంలో, జెట్ అనే ఫ్యూజన్ యంత్రం 2023లో 69 మెగాజౌళ్ళ శక్తినిచ్చి రికార్డు సృష్టించింది. లెక్క వేస్తే, అప్పుడు పుట్టిన హీలియం ఒక గోలీకాయంత! రేపు వెయ్యి మెగావాట్ల ఫ్యూజన్ కేంద్రం వచ్చినా, లిథియం నుంచి వచ్చేది కూడా కలుపుకుని ఏడాదికి అర టన్ను లోపే. ప్రపంచం వాడేది ఏటా పాతిక వేల టన్నులకు పైనే. పాత తరహా ఎమ్మారై యంత్రం ఒక్కదానికే సుమారు 1500 లీటర్ల ద్రవ హీలియం కావాలి. అంటే ఆ కేంద్రం ఏడాది కష్టం రెండు యంత్రాలకు సరి!

కనుక ఫ్యూజన్ కరెంటు ఇస్తుందేమో గాని హీలియం కరువు తీర్చదు. పొదుపే దారి. కొన్ని కొత్త ఎమ్మారై యంత్రాలు ఏడెనిమిది లీటర్లతోనే పనిచేస్తున్నాయి.

మన వంతుగా ఈ ఉగాదికి బుడగల్లో మామూలు గాలే ఊదుదాం. ఎగరకపోతేనేం, గుమ్మానికి తోరణాలున్నాయిగా! ఆ హీలియం ఆస్పత్రిలో ఏ అమ్మమ్మ స్కానుకో పనికొస్తుంది.