మోటరు ఆగితే దిగొచ్చు, రిసీవర్ ఆగితే?

పోయిన నవంబరులో నలుగురు మిత్రులం అరకు వెళ్ళాం. అందరూ వలిసె పూల పక్కన ఫొటోలు దిగుతుంటే నేను డిక్కీలోంచి నా బ్యాటరీ విమానం బయటికి తీశా. (వారమంతా సర్వర్లు కూలుస్తాడు, సెలవొస్తే విమానాలు కూలుస్తాడు అని మావాళ్ళ జోకు.)

మూడు నిముషాలు బ్రహ్మాండంగా ఎగిరింది. కొండగాలికి ఊగుతుంటే సరిచేస్తూనే ఉన్నా. ఉన్నట్టుండి మోటరు ఆగింది, సర్వోలు ఉన్నచోటే బిగుసుకుపోయాయి. వంగిన విమానం వంగినట్టే వచ్చి చేలో పడింది. చూడటానికొచ్చిన పిల్లల్లో ఒకడికి గట్టిగా పదడుగుల దూరం. వాడు నవ్వుతూ ముక్కలు ఏరి తెచ్చి "ఇంకోసారి ఎగరెయ్యన్నా" అన్నాడు. నాకైతే చేతులు వణుకుతున్నాయి.

బ్యాటరీ పీకి మళ్ళీ పెడితే అన్నీ చక్కగా పనిచేశాయి! రీస్టార్ట్ చేస్తే పోయే బగ్గులంటే మనకి ఎంత భయమో తెలుసు కదా. ముందు కొండల వల్ల సిగ్నల్ పోయిందనుకున్నా. తర్వాత ఎత్తు మీదికి నెట్టా. కానీ అరకు ఎత్తు సుమారు 900 మీటర్లు, అక్కడ గాలి పలచబడేది 8 శాతమే.

ఇంటికొచ్చి ప్రొపెల్లర్ విప్పేసి, బల్ల మీద పెట్టి స్టిక్కులు ఆపకుండా కదిపా. కాసేపటికి రిసీవర్ లైటు టప్పున ఆరిపోయింది. దొంగ దొరికాడు.

సంగతేంటంటే, రిసీవర్‌కీ సర్వోలకీ కావలసింది 5 వోల్టులు. మూడు సెల్లుల లిథియం పాలిమర్ బ్యాటరీ నిండా ఛార్జయితే ఇచ్చేది 12.6. మధ్యలో తగ్గించేది స్పీడ్ కంట్రోలర్‌లోనే ఉండే బీఈసీ, అంటే బ్యాటరీ ఎలిమినేటర్ సర్క్యూట్. చవకరకం వాటిలో ఇది లీనియర్ రకం, మిగిలిన వోల్టేజీని వేడిగా తగలేస్తుంది. సర్వోలు ఒకటిన్నర ఆంపియర్లు లాగితే 7.6 ఇంటూ 1.5, అంటే 11 వాట్ల పైన వేడి! బొటనవేలంత బోర్డు ఎంతకని తట్టుకుంటుంది? తనని తాను కాపాడుకోడానికి ఆగిపోతుంది. విమానం సంగతి దానికెందుకు? మీద "2 ఆంపియర్లు" అని రాసి ఉంటుంది, అది రెండు సెల్లుల బ్యాటరీకి చెప్పిన లెక్క.

అందుకే నా అభిప్రాయం: మూడు సెల్లులు, నాలుగు సర్వోలు దాటితే విడిగా ఒక స్విచింగ్ బీఈసీ పెట్టాల్సిందే. అదే పనికి అది వృథా చేసేది ఒకటి, ఒకటిన్నర వాట్లు. పెరిగే బరువు కొద్ది గ్రాములు. ఒక్క జాగ్రత్త, స్పీడ్ కంట్రోలర్ నుంచి రిసీవర్‌కి వెళ్ళే ఎర్రవైరు పిన్ను తీసేసి టేపు చుట్టాలి. లేకపోతే రెండు సరఫరాలు ఒకదాంతో ఒకటి కొట్టుకుంటాయి.

"ఇంకో పరికరమంటే ఇంకో చోట చెడిపోవడమే కదా" అంటారు కొందరు. రెండు సెల్లులూ, రెండు చిన్న సర్వోలూ ఉన్న ఫోమ్ విమానానికి ఆ మాట నిజమే, అక్కడ లీనియర్ చాలు. పెద్దవాటికి మాత్రం ఒప్పుకోను. మోటరు ఆగితే గాలిలో తేలుతూ దించుకోవచ్చు. రిసీవర్ ఆగితే మనం కూడా ప్రేక్షకులమే. ప్రొడక్షన్ సర్వర్ పడిపోతే చెప్పాల్సిన మానిటరింగ్‌ని అదే సర్వర్ మీద ఎవరైనా నడుపుతారా?

2021 సెప్టెంబరు 11న వికారాబాద్‌లో డ్రోన్లతో మందులు పంపే ప్రయోగం మొదలుపెట్టారు. రోగుల్ని డోలీల్లో మోసుకొచ్చే ఈ మన్యం కొండలకి అలాంటివి ఎంత అవసరమో వేరే చెప్పాలా? కానీ మన సరదా విమానమైనా, మందుల డ్రోనైనా, కింద నిలబడి చూసేది అలాంటి పిల్లలే.

మళ్ళీ అరకు వెళ్తా, వాడికి బాకీ ఉన్నా. ఈసారి ముందు బల్ల మీద పది నిముషాలు స్టిక్కులు కదిపాకే. మీ విమానంలో ఏ రకం బీఈసీ ఉందో ఎప్పుడైనా చూశారా?