ఆకుకు గోధుమ రంగు వేసిన పిల్లవాడు



పేరెంట్స్ మీటింగ్‌లో నాకు తరచూ ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: "సార్, ఆ డ్రాయింగ్ పీరియడ్‌లో కూడా మ్యాథ్స్ చెప్పించొచ్చు కదా?" పిల్లల భవిష్యత్తు మీద బెంగతోనే మీరు అలా అడుగుతారని తెలుసు. జవాబుగా, నేను చేసిన ఒక పొరపాటు చెబుతాను.

కొన్నేళ్ల క్రితం మూడో తరగతి అబ్బాయి ఒకడు చెట్టు బొమ్మ వేసి, ఆకులకు గోధుమ రంగు, మానుకు ఆకుపచ్చ పూశాడు. "ధ్యాస ఎక్కడుంది?" అని కసిరి మళ్లీ వేయించాను. రెండోసారీ అలాగే వేశాడు. మొండితనం అనుకున్నాను. తర్వాత కంటి పరీక్షలో తేలింది, వాడికి ఎరుపు, ఆకుపచ్చ, గోధుమ రంగుల మధ్య తేడా సరిగా తెలియదని. వాడు తప్పేమీ చేయలేదు. తనకు కనిపించిందే వేశాడు.

అందరికీ లోకం ఒకేలా కనిపిస్తుందని మనం అనుకుంటాం. ఫ్రెంచి చిత్రకారుడు క్లాడ్ మోనే బొమ్మలు చూస్తే ఆ నమ్మకం సడలుతుంది. ఆయనకు కళ్లలో శుక్లాలు ఉన్నాయని 1912లో డాక్టర్లు చెప్పారు. శుక్లం ముదిరేకొద్దీ కంటి కటకం పసుపుబారి, నీలి కాంతిని అడ్డుకుంటుంది. తన తోటలోని వంతెనను అంతకుముందు చల్లని ఆకుపచ్చల్లో, నీలాల్లో చిత్రించిన మోనే, చూపు మందగించిన రోజుల్లో అదే వంతెనను ఎరుపు, నారింజ, గోధుమ రంగుల్లో వేశారు. ట్యూబుల మీది పేర్లు చూసి రంగులు ఎంచుకునేవారు. 1923లో, 82 ఏళ్ల వయసులో, కుడి కంటికి ఆపరేషన్ అయ్యాక అంతా మరీ నీలంగా కనిపిస్తోందని విసుక్కున్నారు. తోట అదే, వంతెన అదే. మారింది కన్ను.

మన దేశంలో వినోద్ బిహారీ ముఖర్జీ కథ ఇంకా గొప్పది. చిన్నప్పటి నుంచీ ఆయనకు ఒక కంటికి చూపు లేదు, రెండో కంటికి అంతంత మాత్రం. అందరిలా బడి చదువు సాగలేదు. అలాంటి కుర్రవాణ్ని శాంతినికేతన్‌లోని కళాభవన్ చేర్చుకుంది. ఆయనే పెద్దయ్యాక అక్కడి హిందీ భవన్ గోడలపై మధ్యయుగపు సాధుసంతుల జీవితాలను చిత్రించారు. యాభై దాటాక ఆపరేషన్ వికటించి చూపు పూర్తిగా పోయింది. అయినా పని ఆపలేదు. వేళ్లతో తడిమి కాగితాలు మడిచి, కత్తిరించి బొమ్మలు చేశారు. కళాభవన్ గోడకు టైల్స్‌తో పెద్ద చిత్రం రూపొందించారు. ఆయన శిష్యుడు సత్యజిత్ రాయ్ 1972లో ఆయన మీద 'ది ఇన్నర్ ఐ' అనే డాక్యుమెంటరీ తీశారు.

మీ పిల్లలంతా చిత్రకారులు కావాలని నేను చెప్పడం లేదు. పిల్లవాడికి లోకం ఎలా కనిపిస్తోందో లెక్కల పేపరు చెప్పదు, బొమ్మ చెబుతుంది. రంగులు తారుమారు చేసినా, కాగితాన్ని ముక్కుకు ఆనించి గీస్తున్నా ముందు గమనించగలిగేది ఆ పీరియడ్‌లోనే. రంగుల తేడా తెలియకపోవడం చాలావరకు పుట్టుకతో వచ్చేదే, అబ్బాయిల్లో ఎక్కువ. తెలియక తిడితే వాడు బొమ్మలు మానేస్తాడు. తెలిస్తే క్రేయాన్ల మీద పేర్లు రాసిస్తే చాలు, సులువుగా నెట్టుకొస్తాడు. మ్యాపుల్లో, సైన్స్ ల్యాబ్‌లో రంగులు గుర్తించాల్సి వచ్చినప్పుడు టీచర్లూ సాయం చేస్తారు.

అందుకే రెండు మనవులు. ఏడాదికోసారి కంటి పరీక్ష చేయించండి, రంగుల పరీక్ష కూడా ఒకసారి అడగండి. ఈ సాయంత్రం బ్యాగులోంచి డ్రాయింగ్ బుక్ తీసి చూడండి. "ఆకాశం ఇలా ఉంటుందా?" అనకండి. "నీకు ఎలా కనిపించింది, నాన్నా?" అని అడగండి. ఆ రోజు నేను అడగలేకపోయిన ప్రశ్న అదే.

— మీ డ్రాయింగ్ టీచర్