పనల కింద పచ్చదనం

మార్గశిరం వచ్చిందంటే పామర్రు చుట్టుపక్కల, అటు గుడివాడ, ఇటు కూచిపూడి దాకా రైతు చూపంతా నేల చెమ్మ మీదే. వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, నిలిచి ఉన్న చేలోనే మినుములు చల్లేస్తారు. దున్నేది లేదు, నీరు పెట్టేది లేదు. మాగాణిలో మిగిలిన చెమ్మ, రాత్రి కురిసే మంచు... అంతే! పనలు తీసేసరికి కింద మొలకలు. బందరు బస్సులో వెళ్లేవాళ్లకు అది కోసేసిన పొలమే. కౌలురైతుకు మాత్రం అసలు లెక్క అక్కడే ఉంది. వడ్లు చాలావరకు కౌలుకూ అప్పులకూ పోతాయి, ఇంటికి మిగిలేది మినుము డబ్బులే. కూలీలు దొరక్క కోతమిషన్ దింపితే చక్రాల కింద మొలకలు నలిగిపోతాయి. అందుకే మిషన్ పెట్టేవాళ్లు కోత అయ్యాకే విత్తనం చల్లుతారు. అప్పటికి చెమ్మ ఆరిపోతేనో? చెప్పులు గట్టుమీద విడిచి చేలోకి దిగి, అరికాలితో తడి చూసుకుని, ముఠామేస్త్రికి మళ్లీ ఫోన్ కలుపుతాడు రైతు.