ఆ మూడంకెలూ రంగు కాదు మహాప్రభో!

కిందటి నెల ఒక శుక్రవారం సాయంత్రం, సరిగ్గా బ్యాగు సర్దుకునే టైముకి ఒక బగ్గు వచ్చి పడింది. "బటన్ రంగు స్పెక్ ప్రకారం లేదు" అని. స్పెక్‌లో 0, 102, 204 ఉంది. టెస్టర్ గారు ఐడ్రాపర్ పెట్టి చూస్తే 3, 101, 206 వచ్చిందట. సీఎస్ఎస్ అంతా వెతికాం, థీమ్ ఫైళ్ళు తవ్వాం, బిల్డు మళ్ళీ చేశాం. ఎక్కడా తప్పు లేదు. రాత్రి తొమ్మిదింటికి తేలిందేంటయ్యా అంటే, ఆయన చూసింది చాట్‌లో ఎవరో పంపిన జేపెగ్ బొమ్మని!

జేపెగ్ మన పిక్సెళ్ళని ఉన్నవున్నట్టు దాచదు బాబూ. బొమ్మని 8x8 గళ్ళుగా కోసి, కంటికి పెద్దగా ఆనని వివరాలు పారేస్తుంది. చాలా జేపెగ్‌లలో నాలుగేసి పిక్సెళ్ళకి కలిపి రంగు సమాచారం ఒకటే ఉంటుంది. అంచు దగ్గర క్లిక్ చేస్తే పక్క పిక్సెల్ రంగు కూడా కలిసి వస్తుంది మరి.

సరే, పీఎన్‌జీలో చూశారే అనుకుందాం. ఏ కలర్ స్పేసులో? ఎస్‌ఆర్‌జీబీలో 255, 0, 0 అనే ఎరుపునే అడోబీ ఆర్‌జీబీ (1998)లో రాస్తే 219, 0, 0 అవుతుంది. రంగు ఒకటే, అంకెలు వేరు. మ్యాక్‌లో స్క్రీన్‌షాట్ తీస్తే ఆ మానిటర్ ప్రొఫైల్ కూడా ఫైలుకి అంటుకుని వస్తుంది. అది చూడకుండా అంకెలు చెప్పడమంటే "గుడ్డ పొడవు 12" అన్నట్టే. అంగుళాలా, మూరలా?

టూల్ సెట్టింగుల సంగతి సరేసరి. ఫోటోషాప్ ఐడ్రాపర్ ఒక్క పిక్సెల్ చదవగలదు, 101x101 పిక్సెళ్ళ సగటూ చెప్పగలదు. గింప్‌లో "శాంపుల్ మెర్జ్‌డ్" టిక్కు లేకపోతే మీరు చదివేది కంటికి కనిపించే రంగు కాదు, ఎంచుకున్న లేయర్లోది. బగ్ రిపోర్టులో ఇవి రాసిన మహానుభావుణ్ణి నేనింతవరకు చూళ్ళేదు.

మనం డెవలపర్లమేం తక్కువ తినలేదు లెండి. 255లో సగం కాబట్టి 128 అంటే సగం వెలుగు అనుకుని సగటు తీసే కోడు నేనూ రాశాను. ఎస్‌ఆర్‌జీబీలో 128 అంటే తెలుపు వెలుగులో దాదాపు 22 శాతమే. నిజంగా సగం కావాలంటే 188.

2015 ఫిబ్రవరిలో ఒక డ్రెస్సు ఫోటో మీద ప్రపంచమంతా కొట్టుకుంది, గుర్తుందా? తెలుపు-బంగారమా, నీలం-నలుపా అని. ఐడ్రాపర్ పెడితే నల్ల లేసు గోధుమరంగుగా వచ్చింది. "ఇదిగో ప్రూఫ్" అన్నారు కొందరు. తీరా డ్రెస్సు నీలం-నలుపే. ఫోటో గురించి అంకెలు నిజమే చెప్పాయి, డ్రెస్సు గురించి కాదు.

అయితే అంకెలు చూడొద్దంటావా అంటారేమో. ఎందుకు చూడొద్దూ! ఫోటోలో గ్రే కార్డు మీద పెట్టి మూడూ సమానంగా రాకపోతే వైట్ బ్యాలెన్స్ తప్పిందని తెలుస్తుంది. తెలుపు భాగం 255 దగ్గర కొట్టుకుపోయిందేమో చూడ్డానికీ అంకెలే గతి, కంటిని నమ్మలేం. కానీ ఏ ఫైలు, ఏ ప్రొఫైలు, ఎన్ని పిక్సెళ్ళ సగటు అని చెప్పకుండా రెండంకెల తేడాకి పదిమంది శుక్రవారం పాడుచేయడం ఏం న్యాయమండీ?

ఆ బగ్గుని "నాట్ ఎ బగ్" అని మూసేశాం. సోమవారం పొద్దున్నే మళ్ళీ తెరిచారు. ఈసారి 1, 102, 203 అట. ఏ ఫైలు మీద చూశారని అడిగా. ఇంకా జవాబు రాలేదు.